కొసరు కిలోమీటర్లు

మా యారాలికి ఆ బస్సు పేరెత్తితే ఒళ్లు మండుతుంది. తోడికోడల్ని మా అత్తింటివైపు యారాలు అంటారు. నేను గోదావరి వైపు నుంచి ఈ తెలంగాణ ఇంటికి కోడలిగా వచ్చి పాతికేళ్లు దాటింది కాబట్టి నాకూ అదే మాట అలవాటైపోయింది. ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం అక్కా అని పిలుస్తాను. ఆమె నన్ను చెల్లె అంటుంది.

ఆ బస్సు సంగతేమిటంటే, మా నగరంలో ఏటా జరిగే పెద్ద పరుగులో ఇరవయ్యొక్క కిలోమీటర్లు గడువులోగా ముగించలేని వాళ్లను వెనక నుంచి మెల్లగా వచ్చి ఎక్కించుకుపోతుంది. రోడ్లు మళ్లీ బళ్లకు వదలాలి కదా. కిందటేడు అది మా ఇద్దర్నీ ఒక పెట్రోల్ బంకు ముందు పట్టుకుంది. ఇంకాస్త దూరం పోతే గమ్యం. గుండెల మీద నంబరు కాగితాలు, కాళ్లకు బూట్లు, మేం మాత్రం కిటికీ పక్కన సీట్లలో. రోడ్డు పక్క నిలబడి అందరికీ చప్పట్లు కొడుతున్న వాళ్లు మా బస్సును చూడగానే చేతులు దించేశారు.

అంతకంటే పెద్ద కష్టం గమ్యం దగ్గర ఉంది. మా బావగారు, అంటే అక్క భర్త, బంతిపూల దండ పట్టుకుని నిలబడి ఉన్నారు. పంజగుట్టలో వాళ్ల గల్లీ ఆడవాళ్లు నలుగురు కొబ్బరి బోండాలతో వచ్చారు. బస్సు దిగిన మనిషికి దండ వేయాలో వద్దో పాపం బావగారికి తెలియలేదు. చేతిలో అలాగే పట్టుకుని ఇంటికి తెచ్చి దేవుడి పటానికి వేశారు. మర్నాడు అక్క ఫోన్ చేసి ఒకటే మాట చెప్పింది.

“ఇంకొక్కసారి చూస్త చెల్లె. మల్ల ఆ బస్సే ఎక్కుడైతే ఇగ ఈ ఉర్కుడు నాకొద్దు. ఇంట్లనే కూసుంట.”

ఆమె ఊరికే అనే మనిషి కాదు. ఒకసారి మా బంధువుల పెళ్లిలో ఎవరో చిన్న మాట అన్నారని ఆ ఇంటి గడప తొక్కడం మానేసి ఇప్పటికీ తొక్కలేదు. అందుకే నాకు బెంగ పట్టుకుంది. అక్కకు చక్కెర వ్యాధి. బంజారా హిల్స్‌లో డాక్టరు నడవమంటే నడిచింది, నడక చాలక పరుగు మొదలుపెట్టింది, మాత్రలు తగ్గాయి. పరుగు ఆపితే మళ్లీ మొదటికొస్తుంది, అదొక భయం. పొద్దున్నే నాతో కడుపునిండా కబుర్లు చెప్పే మనిషి లేకుండా పోతుంది, అది అంతకంటే పెద్ద భయం. ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు నా మాట తీరుకు అందరూ నవ్వుతుంటే నవ్వకుండా కంచంలో ఇంకో రొట్టె వేసిన మనిషి ఆమె. రెండో భయం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు ఓడిపోయామో మాకు తెలుసు. మొదట్లో ఉత్సాహంగా అందరితో పాటు పరిగెత్తేశాం, సగం దూరం వచ్చేసరికి కాళ్లు మొరాయించాయి. ఎంత వేగంతో పోతున్నామో చెప్పే నాథుడు లేడు. నా ఫోనేమో నడుముకు కట్టిన సంచిలో ఉంది, దాన్ని తీసి చూడాలంటే ఆగాలి. అందుకని పరుగు వాచీ కొనాలని తేల్చుకున్నాం. ఆకాశంలో ఉపగ్రహాలతో మాట్లాడి, ఎంత దూరం వచ్చాం, కిలోమీటరుకు ఎంతసేపు పడుతోంది అని మణికట్టు మీదే చెప్పే రకం. ఎంపిక నాకు అప్పజెప్పింది అక్క. నేను అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పుతాను. వస్తువులో తప్పు పట్టడమే నా బతుకుతెరువు. మా ఆయన మాటల్లో చెప్పాలంటే బతుకుతెరువు కాకముందే అది నా స్వభావం.

అమీర్‌పేటలో మా వ్యాపారానికి ఒక ఆచారం ఉంది. ఏ కోర్సయినా మొదటి మూడు రోజులు డెమో. ఊరికే వచ్చి కూర్చోవచ్చు, నచ్చితే చేరొచ్చు. దీన్ని పట్టుకుని ఈ మెట్లెక్కి ఒక డెమో, ఆ మెట్లెక్కి ఒక డెమో వింటూ ఎక్కడా చేరకుండానే సగం కోర్సు పూర్తి చేసే ఘనులుంటారు. నాలుగో రోజు ఖాళీ అయిన బెంచీలు చూసి ఇన్నేళ్లలో నేను తిట్టని తిట్టు లేదు. అలాంటి నేను వాచీల దగ్గరికి వచ్చేసరికి సిగ్గు లేకుండా అదే పని చేశాను. ఆదివారాలు మేం కలిసే పరుగు బృందంలో చేతికి మంచి వాచీ కనిపించిన ప్రతివాళ్లనూ డెమోకి ఇమ్మని అడిగాను. జాలిపడి ముగ్గురు ఇచ్చారు.

మొదటిది పళ్ల డాక్టరమ్మది. అద్దం మీద వేలితో తడిమితే పనిచేసే రకం. చూడ్డానికి నగలా ఉంది. కానీ మన ఊరి ఉక్కలో చెమట పట్టిన వేలిని అది వేలుగా గుర్తించదు. అదే చున్నీ కొంగు తగిలితే మాత్రం ఎవరో పెద్దమనిషి ఆజ్ఞాపించినట్టు టక్కున పరుగు ఆపేసి ‘బాగా చేశారు’ అని చూపిస్తుంది. రెండో రోజుకే దాన్ని తిరిగిచ్చేశాను.

రెండోది ఒక బ్యాంకు ఆఫీసరుది, ఖరీదైనది. దారి పటాలు, పాటలు, రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చెప్పడాలు, అన్నీ ఉన్నాయి. నేను ఒళ్లు తెలియకుండా పడుకుని లేచిన పొద్దున కూడా నిద్ర చాల్లేదని తేల్చేసేది. అది కూడా భరించేదాన్ని. కానీ దూరం దగ్గర మహా పిసినారి. మేం చెమటలు కక్కుకుంటూ పరిగెత్తి వస్తే, పెదవి విరిచినట్టు ఇంతేనంటూ ఒక అంకె చూపించేది.

మూడోది పాత రకం. పక్కన బొత్తాలు, చెమట చేతులతోనూ నొక్కొచ్చు. అంకెలు పెద్దవి. యాభై దాటిన అక్క కళ్లజోడు లేకుండా, పక్కన పరిగెడుతూనే నా మణికట్టు మీద చదివేసింది. అన్నిటికంటే మించి, అదే దారికి పిసినారి వాచీ కంటే బాగా ఎక్కువ కిలోమీటర్లు ఇచ్చింది. నేను ఎడమ చేతికి ఒకటి, కుడి చేతికి ఒకటి పెట్టుకుని చాలాసార్లు పరీక్షించాను. రెండు చేతులకూ వాచీలతో పరిగెత్తుతుంటే పాలబూతు దగ్గర ఒక పెద్దాయన నేను వాచీలు అమ్ముతున్నాననుకుని రేటెంత అని అడిగాడు.

ఈ పరీక్షలన్నీ మెట్రో రైలు వంతెన కిందే. మా ఊళ్లో ఇప్పుడు ఎవరింటికి దారి చెప్పాలన్నా మెట్రో పిల్లర్ నంబరు చెప్తారు. నేనూ అక్కా కలుసుకునేది కూడా పంజగుట్టలో ఒక పిల్లర్ దగ్గరే. అక్కణ్నుంచి అమీర్‌పేట మీదుగా ఎర్రగడ్డ దాకా పోయి వెనక్కి. గల్లీల్లో అయితే కుక్కలు వెంటపడతాయి. మెట్రో కింద దీపాలుంటాయి, నేల చదునుగా ఉంటుంది, వానొచ్చినా పైన కప్పు ఉంటుంది. పూలవాళ్లు అప్పుడే బుట్టలు దించుతుంటారు. నా ఇన్‌స్టిట్యూట్ ఫ్లెక్సీ మీద నా మొహమే నన్ను చూసి నవ్వుతుంటుంది. అంతకంటే మంచి దారి ఈ భూమ్మీద లేదని మా నమ్మకం.

రెండు అంకెలూ చూపిస్తే అక్క క్షణం కూడా ఆలోచించలేదు. “గింత ఉర్కితె గంతేనా ఇచ్చేది? గా పిసినారి దాన్ని ఇచ్చెయ్ చెల్లె,” అంది. నాకూ అదే న్యాయం అనిపించింది. పంజగుట్ట దుకాణంలో మూడో రకం కొన్నాం. అక్క బేరమాడి, పట్టీ ఒకటి కొసరు వేయించుకుంది. బెండకాయలు కొన్నా కరివేపాకు కొసరు లేకుండా సంచి మూయదామె.

ఇక చూడండి మా వైభోగం. పొద్దున్నే వాచీ మీద వేగం చూస్తే ఇద్దరికీ రెక్కలొచ్చినట్టుండేది. లెక్కప్రకారం మేం బస్సు కంటే ఎంతో ముందుంటాం. గమ్యం దగ్గర పళ్లు తోముకుని, చాయ్ తాగినా బస్సు రాదని నేను ప్రకటించాను. అక్క నారింజ రంగు బూట్లు కొంది. గల్లీ ఆడవాళ్లందరికీ కబురు వెళ్లింది. బావగారు పూలకొట్టులో ముందే చెప్పి ఉంచారు. పరుగు మధ్యలో అక్క ఎప్పుడూ ఒకే ప్రశ్న అడిగేది, ముందటున్నమా, ఎన్కకున్నమా అని. మస్తు ముందటున్నం అక్కా అని నేను ఆమె భాషలోనే చెప్పేదాన్ని. నా నోట ఆ మాట వినడం ఆమెకు ఇంకో సరదా.

పరుగు ఇంకా నెలన్నర ఉందనగా ఒక ఆదివారం మా దారిలో రోడ్డు తవ్వారు. సరే అని ఆటోలో ఖైరతాబాద్ దాటి హుస్సేన్‌సాగర్ పక్క రోడ్డుకు వెళ్లాం. చల్లటి గాలి, ఎదురుగా నీళ్లు, నెత్తిన ఆకాశం తప్ప ఏమీ లేదు. కాళ్లు మామూలుగానే కదులుతున్నాయి. ఊపిరీ మామూలుగానే ఉంది. వాచీ మాత్రం ఒక్కసారిగా మొహం మార్చేసింది. రోజూ ఇచ్చే వేగం ఇవ్వడం లేదు. గట్టిగా పరిగెత్తినా ఇవ్వలేదు. అక్క నా మణికట్టు వైపు చూసింది. అంకెలు పెద్దవి కదా, చదివేసింది. ముందటున్నమా అని ఆ రోజు అడగలేదు. వాచీ చెడిపోయిందక్కా, ఆ దుకాణం వాణ్ని కడిగేస్తాను అని నేనే అన్నాను. ఆమె ఆటోను పిలిచి నాకంటే ముందే ఎక్కి కూర్చుంది.

ఇంట్లో అడుగుపెడుతూనే వాచీని బల్ల మీద పడేసి తిట్టడం మొదలుపెట్టాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి, మా ఆయన తీరిగ్గా ఇడ్లీ తింటూ నా ఫోన్ తీసుకున్నారు. వాచీ మనం పరిగెత్తిన దారిని ఫోన్‌లో పటం మీద గీతగా గీస్తుంది. అన్నాళ్లూ నేను అంకెలే చూశాను కానీ ఆ గీతను పెద్దది చేసి చూడలేదు. ఆయన చూశారు. చూసి ఇడ్లీ పళ్లెంలో పెట్టేశారు.

“నువ్వు ఉర్కినవా, షాపింగ్ జేసినవా?”

సరస్సు పక్క గీత తీగలా సాఫీగా ఉంది. మెట్రో కింది గీతలు మాత్రం తాగినవాడి నడకలా ఉన్నాయి. వాటి ప్రకారం నేను పంజగుట్టలో ఒక చీరల దుకాణంలో దూరి, గోడలోంచి బయటికి వచ్చి, రోడ్డు అడ్డంగా దాటి, ఒక ఆసుపత్రి లోపలికి వెళ్లి, మళ్లీ ఇవతలికి వచ్చి, అమీర్‌పేటలో నగల దుకాణం మేడెక్కాను. ప్రతి పొద్దునా అదే వరస. ఆ వంకరలన్నిటినీ వాచీ పాపం నిజాయితీగా కొలిచి కిలోమీటర్లలో కలిపింది. ఉపగ్రహాల మాట వినాల్సిన వస్తువును నేను నెలల తరబడి కాంక్రీటు కప్పు కింద పరిగెత్తించాను. దానికి సగం వినబడింది, మిగతా సగం ఊహించుకుంది. ఖరీదైన ఆ పిసినారి వాచీకి చెవులు కాస్త పదును. అది నిజం చెప్పింది. నిజం చెప్పినందుకే దాన్ని వెనక్కిచ్చాం.

వాడేవాడు ఎక్కడ వాడతాడో అక్కడే టెస్ట్ చెయ్యాలి అనేది నా ప్రతి బ్యాచ్‌కూ మొదటి డెమోలో చెప్పే మొదటి వాక్యం. పరుగు జరిగేది ఆకాశం కింద, పరీక్ష చేసింది మెట్రో కింద. మా ఆయన ఆ వాక్యం గుర్తు చేయలేదు. చేయకుండా చట్నీ వైపు చూస్తూ కూర్చున్నారు. అది ఇంకా ఒళ్లు మండించింది. ఆయన మీద, మెట్రో మీద, ఫ్లెక్సీ మీద నవ్వుతున్న నా మొహం మీద సమానంగా కోపమొచ్చింది.

సాయంత్రం పంజగుట్ట వెళ్లాను. అక్క గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నారింజ బూట్లు కడిగి మెట్టు మీద ఆరబెట్టి ఉన్నాయి. పక్కన కూర్చుని, నేనూ నాలుగు కాయలు అందుకుని, ఉన్నదంతా చెప్పాను. వాచీ చెడిపోలేదని, చీరల దుకాణం సంగతి, మనం నిజంగా పరిగెడుతున్న వేగానికి ఈసారి కూడా బస్సు పెట్రోల్ బంకు దగ్గరే పట్టుకుంటుందని. అక్క తల వంచుకుని వింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతిలో కాయ ఈనె తీయకుండానే గిన్నెలో పడింది. కాసేపటికి భుజాలు కదలడం చూసి ఏడుస్తోందనుకుని చెయ్యి పట్టుకున్నాను. తీరా చూస్తే నవ్వు.

“కూరగాయలాయన తాన అడిగినట్టు వాచీ తాన సుత కొసరు అడిగినం చెల్లె. ఇచ్చింది. దాని తప్పేమున్నది?”

నాకూ నవ్వొచ్చేసింది. గుమ్మంలో ఇద్దరం కళ్లు తుడుచుకుంటూ పడీ పడీ నవ్వుతుంటే బావగారు లోపల్నుంచి వచ్చి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి మళ్లీ లోపలికి వెళ్లిపోయారు. అక్క చీర కొంగుతో మొహం తుడుచుకుని, నెలన్నర ఉంది కదా, ఈ నెలన్నర కొసరు లేకుండా ఉరుకుదామంది.

మర్నాటి నుంచి పద్ధతి మారింది. వారంలో రెండు పొడుగు పరుగులు సరస్సు పక్కనే, ఆకాశం కింద. అక్కడ వాచీ ఏం చెప్తే అదే మాట. మిగతా రోజులు మెట్రో కిందే, కానీ వాచీలో దూరం వంక చూడకూడదు. అక్క లెక్క పిల్లర్లతో. కొన్ని పిల్లర్లు ప్రాణం పెట్టి పరిగెత్తడం, కొన్ని పిల్లర్లు మెల్లగా పోవడం. పిల్లర్లు కొసరియ్యవు అనేది ఆమె కొత్త మాట. వాచీ బొత్తాం నొక్కి ఈ పిల్లర్ల మధ్య నిన్నటికంటే తక్కువసేపు పట్టిందా లేదా అని మాత్రం చూసుకునేవాళ్లం. మొదటి వారం ఏ మార్పూ లేదు. నాకు విసుగొచ్చి ఒకరోజు ఫుట్‌పాత్ మీద కూలబడితే, అక్క ఆగకుండా ముందుకు పోయి, రెండు పిల్లర్ల అవతల నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. ఆ చూపుకు భయపడి లేచాను. తర్వాత తర్వాత కొద్ది కొద్దిగా వేగం వచ్చింది. ఈసారి వచ్చిన ప్రతి కొంచెమూ మాదేనని తెలుసు కాబట్టి ఆ సంతోషం వేరే.

పరుగు రోజు రానే వచ్చింది. ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ, మొదట్లో ఎంతమంది దాటిపోయినా పట్టించుకోకుండా, వాచీ చెప్పిన వేగానికి కట్టుబడి పోయాం. ఎండ ముదిరింది. పోయినసారి పెట్రోల్ బంకు కనిపించగానే అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరం ఒకేసారి వెనక్కి చూశాం. దూరంగా, రోడ్డు మలుపు దగ్గర, మెల్లగా దొర్లుతూ బస్సు.

“ముందటున్నమా, ఎన్కకున్నమా?” అంది అక్క. చాలా రోజుల తర్వాత అడిగింది.

ముందటున్నం, కానీ మస్తు కాదు అన్నాను. చివర్లో ఒక ఫ్లైఓవర్ కింద నుంచి పోవాలి. దాని కిందికి వెళ్లామో లేదో, వాచీకి పాత జబ్బు తిరగబెట్టింది. వంకరలు పోయి, దూరం పెంచేసి, గమ్యం ఇంకా కంటికి కనబడకముందే నా మణికట్టు మీద గుర్రుమంటూ వణికి ఇరవయ్యొక్క కిలోమీటర్లు పూర్తయ్యాయని అభినందనలు చెప్పింది. నా కాళ్లు ఆ మాట నమ్మేసి వేగం తగ్గించబోయాయి.

“దాని మాట ఇనకు. ఉర్కు,” అంది అక్క.

ఉరికాం. గమ్యం గీత దాటేటప్పుడు వాచీ ఆపడం కూడా మర్చిపోయాను. బావగారు ఈసారి దండను ముందుజాగ్రత్తగా వీపు వెనక దాచుకుని నిలబడ్డారు. అక్క ఎటువైపు నుంచి వస్తోందో, కాళ్ల మీద వస్తోందో బస్సులో వస్తోందో నిర్ధారించుకున్నాకే బయటికి తీశారు. అక్క మెడ వంచింది. గల్లీ ఆడవాళ్లు చేసిన గోలకు పక్కన బ్యాండు మేళం వాళ్లు ఆగిపోయారు. నేను ఏడ్చాను. సంతోషం పట్టలేక ఏడవడం నాకు అదే మొదటిసారి.

కొబ్బరి నీళ్లు తాగుతుండగా బస్సు వచ్చి ఆగింది. మా వయసే ఉన్న ఒకావిడ ఒంటరిగా దిగింది. గుండె మీద నంబరు కాగితాన్ని అరచేత్తో కప్పుకుని, ఎవరి మొహం చూడకుండా గేటు వైపు నడుస్తోంది. అక్క మెడలోని దండ తీసి నా చేతిలో పెట్టింది. తను తాగబోతున్న బోండాం పట్టుకుని ఆవిడకు ఎదురెళ్లింది. కాసేపు ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆవిడ నా మణికట్టు వైపు చూపించి ఏదో అడిగింది. అక్క తల అడ్డంగా ఊపి, వాచీ సంగతి తర్వాత చూసుకోవచ్చని చెప్పడం నాకు వినబడింది. ఆ తర్వాత మా పంజగుట్ట పిల్లర్ నంబరు చెప్పింది.

“పొద్దుగాల్ల ఆడికి రా. మూడొద్దులు డెమో. నచ్చితెనే జాయిన్ గా.”

ఆవిడ సోమవారం వచ్చింది. మంగళ, బుధవారాలు కూడా వచ్చింది. ఇన్నేళ్ల అనుభవంతో, గురువారం పొద్దున నేను పెద్దగా ఆశ పెట్టుకోకుండానే ఇంటి నుంచి బయలుదేరాను. నేను వెళ్లేసరికి పిల్లర్ దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు.